వెనకగది గోడ

ఇల్లు కొనే ముందు అడగాల్సినవన్నీ కోదండపాణి అడిగాడు. విశాఖపట్నం వన్‌టౌన్‌లో, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో ఉన్న కళాసీల వీధి అది. కుళాయి ఏ వేళకు వస్తుంది, గట్టి వాన పడితే కాలవ ఎవరి గుమ్మం దాకా పొంగుతుంది, ఉప్పుగాలికి ఇనప సామాను ఎన్నాళ్లు నిలుస్తుంది, ఆటోవాళ్లు వీధి లోపలికి వస్తారా, సందు మొదట్లోనే దింపేస్తారా? ఒక్కటీ వదల్లేదు. మండుటెండలో ఒకసారి, జోరువానలో గొడుగేసుకుని ఇంకోసారి, వీధి ఈ చివర నుంచి ఆ చివరకి నడిచాడు. ఇంటర్ కాలేజీలో బోటనీ చెప్పే మనిషి. మొక్కని చూసినంత ఓపిగ్గా వీధిని చూశాడు.

అన్నిటికీ మంచి జవాబులే వచ్చాయి. ఇంటి సంగతి ఎత్తినప్పుడు మాత్రం ఎదుటివాళ్ల గొంతు తగ్గిపోయేది.

"ఇల్లు బంగారం లాంటిదే బాబూ," అంది ఎదురింటి గౌరీశ్వరి, అరుగు మీద ఎండుచేపలు తిరగేస్తూ. యాభై దాటిన మనిషి, పుట్టి పెరిగింది ఆ వీధిలోనే. "గోడలు సూసినారా, ఎంతేసి మందమో! కానీ ఆ ఎనకగది ఉంది సూడండి... మీ ఇంటావిడికి ఎన్నో నెల?"

"ఆరో నెలండి."

"అలగైతే నానేటీ సెప్పను. మీరే ఆలోసించుకోండి."

అలా అని ఊరుకోలేకపోయింది. అరుగు మీద చోటు చూపించి కూర్చోమంది. ఆ ఇంటి యజమానురాలు వరహాలమ్మకి సూరిబాబు అని ఒక తమ్ముడు ఉండేవాడట. కుర్రతనంలోనే మతి చెదిరిందట. తల్లీ తండ్రీ అప్పటికే లేరు. వరహాలమ్మ అతన్ని వెనకగదిలో పెట్టి, బయట గడియ వేసి, ఉద్యోగానికి పోయేదట.

"బతికున్నన్నాళ్లూ ఆ మనిషిని బైటికి తేనేదు. లోపలే పోనాడు. జొరం అంది. తిండి పెట్టక సంపేసిందని మా అమ్మోళ్లు అనుకునీవోరు. పోయిన రోజే ఆ గది కిటికీ మూసీసింది. ఇప్పటికీ తీయనేదు. ఏటి దాసిందో ఆ గదిలో, ఆ దేవుడికే ఎరుక."

ఇల్లు చూడడానికి ఇంతకుముందు వచ్చినవాళ్లందరూ ఈ అరుగు దాకా వచ్చి వెనక్కి పోయినవాళ్లే.

పాణి ఇంటికొచ్చి ఈ మాటలన్నీ భార్యకి చెప్పాడు. తరళ విని, "వీధిని నువ్వు అడిగావు. ఇంటిని నేను అడుగుతాను," అంది.

ఆమె వేళాకోళానికి అనలేదు. ఇంటిని అడగడం ఎలాగో అప్పటికి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు తరళ, రెండోవారు ఆమె పని చేసే ప్రయోగశాల అధిపతి సుల్తానా మేడమ్.

తవ్వకాల్లో దొరికిన ఇటుకలూ పెంకులూ ఎంత పాతవో తేల్చి చెప్పడం ఆ ప్రయోగశాల పని. అందుకు ఆధారం ఇసుక రేణువు. రేణువు చీకట్లో ఉన్నంతకాలం చుట్టూ ఉన్న మట్టి నుంచి శక్తిని కొద్దికొద్దిగా పీల్చి లోపల దాచుకుంటుంది. ఎండ తగిలితే దాచుకున్నదంతా వదిలేస్తుంది. ఎంత దాచుకుందో కొలిస్తే ఎన్నాళ్లు చీకట్లో ఉందో తెలుస్తుంది. ఇది పాత సంగతే. ఒక్కొక్క రేణువునీ విడిగా కొలిచే బదులు, మొత్తం గోడని ఒక్కసారే పలికించగల ద్రావకం ఒకటి తరళ తయారు చేసింది. అక్కడ మొదలైంది కొత్త సంగతి.

భీమిలి వైపు కూల్చేస్తున్న ఒక పాత ఇంటి నుంచి, ఎండ తగలకుండా నల్లగుడ్డ చుట్టి తెచ్చిన గోడ ముక్క మీద మొదటి ప్రయోగం. ఆ తీరంలోని నల్లిసుకకి శక్తి నింపుకునే గుణం ఎక్కువ. మనిషికి హాని చేసేంత కాదు, రేణువులు తొందరగా నిండేంత. పాతకాలపు మేస్త్రీలు ఆ ఇసుకనే సున్నంలో కలిపి గోడలు మెత్తేవారు. తరళ ఆ ముక్కకి ద్రావకం పూసింది. గది చీకటి చేసి, తనే తయారు చేసిన యంత్రంతో కంటికి కనిపించని వేడికిరణాలు వదిలింది.

గోడ ముక్క నీలంగా వెలిగింది. మధ్యలో, కిటికీ నుంచి ఏళ్ల తరబడి ఎండ పడినచోట, రేణువులు ఎప్పుడో ఖాళీ అయిపోయి నల్లటి పట్టీ ఒకటి ఉంది. ఆ నల్లటి పట్టీ లోపల, నీలి వెలుగుతో, ముందుకి వంగి కూర్చున్న ఆకారం. తల, కొప్పు, వీపు, చాచిన చెయ్యి. చేతి కింద తిరగలి.

సుల్తానా మేడమ్ జీవితమంతా రాళ్లతో, పెంకులతో గడిపిన మనిషి. "ఏమిటది?" అని అడగలేదు. "ఎవరమ్మా అది?" అంది.

ఎండ పడ్డచోటు చీకటైంది. మనిషి అడ్డు వచ్చి నీడ పడ్డచోటు వెలుగైంది. ఎవరో ఒకావిడ ఆ ఇంట్లో రోజూ అదే చోట, అదే ఎండలో కూర్చుని విసిరి విసిరి, తనకి తెలియకుండానే గోడలో మిగిలింది. ఇద్దరూ చూస్తుండగానే ఆ వెలుగు మసకబారి, అంచుల నుంచి కరిగి, ఆరిపోయింది. మళ్లీ కిరణాలు వదిలితే గోడ ముక్క మామూలు గోడ ముక్కే. రేణువులు దాచుకున్నది ఒక్కసారే ఇస్తాయి.

ఆ 'ఒక్కసారి' అనే మాటకి అర్థం వాళ్లకి ఆ తర్వాత తెలిసింది. భీమిలిలోనే ఒక ఇల్లు కొనబోతున్న దంపతులు, అందులో ఇంతకుముందు ఎలాంటివాళ్లు ఉండేవాళ్లో చూసి చెప్పమని అడిగారు. అమ్ముతున్నవాళ్లూ సరదాపడి వచ్చారు. గోడలో ఒక ముసలాయన పడకకుర్చీలో కూర్చుని కనిపించాడు. అమ్మేవాళ్ల ఇంటి ఆడపిల్ల "తాతా!" అని గోడ దగ్గరికి పరిగెత్తింది. ఆమె చెయ్యి చాచేలోపే వెలుగు పోయింది. "మళ్లీ చూపించండి, ఒక్కసారి మళ్లీ చూపించండి," అని ఆ పిల్ల తరళ రెండు చేతులూ పట్టుకుంది. ఫొటో తీశాం, ఇస్తామని చెప్పినా వినలేదు. "ఆయన ఇన్నేళ్లూ ఇక్కడే ఉన్నారా? మీరొచ్చి తీసేశారా?" అంది. తరళ చాలా రోజులు ఆ మాట మర్చిపోలేకపోయింది.

ఇళ్లు అమ్మే కంపెనీ ఒకటి సంగతి తెలిసి మనిషిని పంపింది. ప్రతి ఇంటికీ గోడలు చదివి జాతకం రాసిస్తే కొనేవాళ్లు ఎగబడతారని అతను చెప్పాడు. ఆలోచించుకుంటామని సుల్తానా మేడమ్ పంపించేసింది.

* * *

వరహాలమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. బక్కపలచటి మనిషి. గొంతు మాత్రం ఇప్పటికీ ఎక్కడో దూరాన ఉన్నవాళ్లకి స్పష్టంగా వినపడాలన్నట్టు పలుకుతుంది. విజయనగరంలో ఉన్న పాత స్నేహితురాలితో కలిసి ఉండడానికి వెళ్లిపోదామని ఇల్లు అమ్ముతోంది.

తరళనీ పాణినీ ఇల్లంతా తిప్పి చూపించింది. వంటిల్లు, పెరడు, బావి, ముందుగది. చివరికి వెనకగది తలుపు ముందు ఆగింది.

"దీని గురించి ఎదురింట్లో చెప్పే ఉంటారు."

"చెప్పారండి," అన్నాడు పాణి, దాచకుండా.

"అయినా వచ్చారే!" అని తలుపు తీసింది.

లోపల సామాను ఏమీ లేదు. తూర్పుగోడకి పెద్ద కిటికీ, చెక్కతలుపులు మూసి అడ్డంగా పలక కొట్టి ఉంది. పాణి టార్చి వేశాడు. ఎదురుగా ఉన్న పడమటిగోడ ఒక్కటే రంగు వేయకుండా, పాత గచ్చు నున్నగా మెరుస్తోంది. తరళ వేళ్లతో రాసి చూసింది. నల్లిసుక. ఏళ్లకేళ్లు సముద్రం మీది ఎండ తిన్నగా పడ్డ గోడ. ఆ తర్వాత వెలుగే చూడని గోడ. అలాంటిది ఇంకోటి ఎక్కడా దొరకదు.

ముందుగదిలో కూర్చున్నాక ఆమె తన పని గురించి చెప్పింది. గోడలో ఏముంటుందో, ఎలా కనిపిస్తుందో. వరహాలమ్మ మధ్యలో అడ్డురాకుండా చివరిదాకా విన్నది.

"అంటే మా సూరిబాబు కనిపిస్తాడా?"

"కిటికీ దగ్గర ఎక్కువగా నిలబడేవారైతే కనిపించొచ్చండి."

"ఎక్కువగా ఏటమ్మా, వాడు నిలబడేదే అక్కడ. సముద్రంలో పడిపోతాడని కదా లోపల పెట్టాను. రెండుసార్లు జాలర్లు పైకి తీశారు. మూడోసారి తీసేవాళ్లు ఉంటారో ఉండరో అని గడియ పెట్టాను. సముద్రమంటే అంత ఇష్టం వాడికి. అందుకే కిటికీ ఉన్న గది ఇచ్చాను." కొంగు సర్దుకుంది. "చూశాక ఏమవుతుంది?"

"పోతుందండి. ఒక్కసారే కనిపిస్తుంది."

"అయితే వద్దు."

"ఫొటో తీసిస్తాం," అన్నాడు పాణి.

"ఫొటో ఉంది బాబూ, పదో క్లాసుది. ఫొటో వేరు. ఇది వాడు నిలబడ్డ చోటు." లేచి నిలబడింది. "తిండి పెట్టకుండా చంపానని ఈ వీధి అనుకుంటోంది. నాకు తెలీదా? గోడ చేత సాక్ష్యం చెప్పించుకుని నేను ఇప్పుడు బాగుపడాల్సిందేం లేదు. మీకు ఇల్లు నచ్చితే కొనుక్కోండి. నచ్చకపోతే మానేయండి."

గుమ్మం దాకా వచ్చాక పాణి మామూలుగా అన్నాడు. "ఆ కిటికీ తీస్తే గాలి బాగా వస్తుందండి. పుట్టబోయే బిడ్డకి ఆ గదే ఇద్దామనుకున్నాం."

తరళ అక్కడే ఆగిపోయింది. చెప్పకుండా వెళ్లిపోవచ్చు. ఇల్లు అమ్ముడుపోతుంది, ఈవిడ విజయనగరం వెళ్లిపోతుంది, గోడలో తమ్ముడు ఉన్నాడనుకుంటూ హాయిగా ఉంటుంది. కానీ అలా వెళ్లలేకపోయింది.

"అమ్మా, ఒక మాట. కిటికీ తెరిచి ఎండ పడనిస్తే కూడా పోతుంది. మెల్లమెల్లగా. ఎవరికీ కనిపించకుండానే. మేం కాకపోయినా ఇంకెవరు కొన్నా ఎప్పుడో ఒకప్పుడు ఆ కిటికీ తీస్తారు."

వరహాలమ్మ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. "వాడు లేని కిటికీ చూడలేక మూశానమ్మా," అంది. "ఇన్నాళ్లూ వాడిని కాపాడుతున్నానని నాకు తెలీదు." ఆ తర్వాత, "వెళ్లిరండి," అని తలుపు వేసుకుంది.

ఆ సాయంత్రం తరళకి అన్నం వడ్డిస్తూ, "చూడకుండానే కొనేద్దాం," అన్నాడు పాణి.

"ఆ గదిలో ఏం జరిగిందో తెలియకుండా బిడ్డని ఎలా పడుకోబెట్టను?"

"ఆవిడ చెప్పింది కదా ఏం జరిగిందో."

"చెప్పింది..."

"గోడ చెప్తే తప్ప మనిషిని నమ్మలేవా?" పాణి కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. తన చేతిలో ఉన్న యంత్రం తనని ఎలాంటి మనిషిని చేస్తోందో తరళకి మొదటిసారి భయం వేసింది. భీమిలి పిల్ల ముఖం గుర్తొచ్చింది. ప్రతి ఇంటికీ జాతకం రాద్దామన్న కంపెనీ మనిషి నవ్వు గుర్తొచ్చింది. పొద్దున్నే ఫోన్ చేసి, గది ముట్టుకోకుండానే ఇల్లు తీసుకుంటామని, కిటికీ కూడా ఆవిడ ఒప్పుకునేదాకా తెరవబోమని వరహాలమ్మకి చెప్పింది. అవతలివైపు నుంచి "సరే" అన్న ఒక్క మాటే వినిపించింది.

రెండు వారాలు తిరక్కుండానే వరహాలమ్మ బస్సెక్కి, దారి కనుక్కుంటూ, ప్రయోగశాలకి వచ్చింది. చెప్పులు బయట విడిచి లోపల అడుగుపెట్టింది. సుల్తానా మేడమ్ కుర్చీ వేసింది. మంచినీళ్లు ఇచ్చింది.

"నాకు నిద్ర పట్టట్లేదమ్మా," అంది వరహాలమ్మ. "కిటికీ మూసే ఉంచుతానని నువ్వు మాటిచ్చావు. పుట్టబోయే బిడ్డకి గాలీ వెలుతురూ లేకుండా చేసి, మా తమ్ముణ్ని దాచుకోనా? ఒకణ్ని గదిలో పెట్టాను, చాలు." గ్లాసు కింద పెట్టింది. "ఎండకి తెలీకుండా పోయేకంటే, నా కళ్లెదుట పోనీ. చూపించండి."

తరళ లేచి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఒక్కటి అడుగుతాను. గౌరీశ్వరిని కూడా పిలవాలి."

"ఆవిణ్నా?" అంది తరళ. "మీ గురించి అన్ని మాటలు..."

"అంటే అంది. వాడి ముఖం గుర్తున్నవాళ్లు ఈ భూమ్మీద ఇద్దరమే మిగిలాం. చిన్నప్పుడు ఆ కిటికీ కింద ఆడుకునేది అది. నేనొక్కదాన్నే చూస్తే, నాతోనే పోతుంది."

* * *

మధ్యాహ్నం పూట వెనకగది తలుపుకీ, కిటికీ సందులకీ నల్లటి గుడ్డలు కట్టారు. సుల్తానా మేడమ్ స్వయంగా గోడకి ద్రావకం పూసింది, పసిపిల్లకి నలుగు పెట్టినంత మెల్లగా. గౌరీశ్వరి మొదట రానంది. వరహాలమ్మే రోడ్డు దాటి వెళ్లి పిలిచింది. ఇద్దరూ ఎదురెదురు ఇళ్లలో ఉంటూ ఎన్నేళ్లుగానో మాట్లాడుకోలేదు. ఏమందో తెలియదు. గౌరీశ్వరి తల దించుకుని వెనకాలే వచ్చింది. పాణి తలుపు దగ్గర నిలబడ్డాడు.

దీపం ఆర్పారు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఎవరూ కదలలేదు. సముద్రం హోరు మాత్రం గోడల్లోంచి వస్తోంది. తరళ మీట నొక్కింది.

ముందు ఏమీ లేదు. తర్వాత, తెల్లవారబోయే ముందు ఆకాశం ఎక్కడ మొదలుపెట్టి వెలుగుతుందో తెలియనట్టుగా, గోడ నీలమైంది. నేల నుంచి కప్పు దాకా లేత నీలం. ఆ నీలం మధ్యలో, గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా, వెడల్పాటి నల్లటి దారి తేలింది. ఏడాది పొడుగునా సూర్యుడు ఉత్తరానికీ దక్షిణానికీ జరుగుతూ ఆ కిటికీలోంచి నడిచిన దారి. కిటికీ ఊచల నీడలు ఆ దారి నిండా సన్నటి నీలి గీతలై నిలబడ్డాయి.

ఆ గీతల మధ్య మనిషి లేచాడు.

పొడుగ్గా, సన్నగా, మెడ కాస్త పక్కకి వంచి. ఒక్కడు కాదు. సూర్యుడు జరిగిన ప్రతిచోటా అతనే. గోడ పొడుగునా అతని వెనక అతను, కుడిచివరికీ ఎడమచివరికీ పోయేకొద్దీ మరింత స్పష్టంగా. ఆ చివరల్లో సూర్యుడు వెనక్కి తిరిగే ముందు చాలా రోజులు ఆగుతాడు. అతనూ అక్కడ ఆగాడు. ఎండాకాలాలూ చలికాలాలూ అన్నీ ఒకేసారి గోడ మీదకి వచ్చి నిలబడ్డట్టుంది. తరళ తను తయారు చేసిన యంత్రం పక్కన, తనే మొదటిసారి చూస్తున్నదానిలా నోరు తెరుచుకుని ఉండిపోయింది. కడుపులో బిడ్డ కదిలింది. ఆమె చెయ్యి తెలియకుండానే అక్కడికి వెళ్లింది.

"సూరిబాబు," అంది గౌరీశ్వరి. "అమ్మో, అతగాడే. అదే మెడ. అలగే వంచుకునీవోడు..."

వరహాలమ్మ మాత్రం ఇంకేదో చూస్తోంది.

"వాడి పక్కన ఎవరమ్మా అది?"

అప్పుడు అందరూ చూశారు. ప్రతి సూరిబాబు పక్కనా ఇంకొకరు ఉన్నారు. అతని భుజం దాకా వచ్చే ఆకారం. భుజం మీద జారిన కొంగు అంచు. ఒక చెయ్యి పైకెత్తి అతని తల మీద ఉంది. గోడ పొడుగునా, ఎక్కడ అతను ఉంటే అక్కడ ఆ చెయ్యి.

"మీరేనండీ," అంది తరళ.

"నేనా? నేనెక్కడున్నానమ్మా వాడి దగ్గర?" వరహాలమ్మ గొంతు మొదటిసారి తడబడింది. "గడియ వేసి వెళ్లిపోయేదాన్ని కదా! ఆ గడియ చప్పుడు ఒక్కటే నాకు గుర్తు. లోపల వాడొక్కడే ఉండేవాడు. ఎప్పుడూ ఒక్కడే..."

"కాదండీ." తరళకి ఈ మాట చెప్పడానికే ఇన్నేళ్లూ చదువుకున్నానా అనిపించింది. "ఒకటి రెండు రోజులు నిలబడితే గోడకి తెలియదు. ఏళ్ల తరబడి, పొద్దున్నే, ఎండ వచ్చే వేళకి నిలబడితేనే ఇంత వెలుగు మిగులుతుంది. చూడండి, ఆయన ఎంత వెలుగుతున్నారో మీరూ దాదాపు అంతే వెలుగుతున్నారు."

వరహాలమ్మ రెండడుగులు ముందుకి వేసింది. పైకెత్తిన ఆ చేతినే చూస్తూ, తన చెయ్యి కూడా అలాగే గాల్లోకి ఎత్తింది.

"దువ్వెన," అంది. "తల దువ్వనిచ్చేవాడు కాదు. చెయ్యి వేస్తే అరిచేవాడు. కిటికీ దగ్గరైతేనే... ఓడలు చూస్తూ ఊరుకునేవాడు. అప్పుడు దువ్వేదాన్ని. చిక్కులు తీసి, నూనె రాసి... చాలాసేపు పట్టేది. మర్చిపోయాను. అదంతా మర్చిపోయాను, చూడమ్మా. గడియే గుర్తుంది."

వెలుగు మసకబారడం మొదలైంది. గోడ మధ్యలో ఉన్న జంటలు ముందు కరిగాయి. ఊచల గీతలు పోయాయి. కుడివైపు ఒక జంట, ఎడమవైపు ఒక జంట మిగిలాయి, అక్కాతమ్ముళ్లు. తరవాత ఎడమవైపు ఆరింది. కుడివైపు చివర సూరిబాబు తల, దాని మీద ఆ చెయ్యి, ఇంకాసేపు నిలిచాయి. వరహాలమ్మ ఏడవలేదు. రెప్ప వేయకుండా చూసింది. ఆ నీలపు చుక్క కూడా పోయాక, చీకట్లో ఆమె గాలి పీల్చుకున్న శబ్దం వినిపించింది.

పాణి దీపం వేయబోయి ఆగాడు. చీకట్లోనే గౌరీశ్వరి, అక్క వరసతో పిలిచి అంది:

"వరహాలప్పా. నాను సిన్నప్పట్నించీ ఏవేవో వాగినాను. వచ్చినోళ్లందరికీ సెప్పినాను."

"చిన్నపిల్లవి. పెద్దవాళ్లు అన్నదే అన్నావు."

"పెద్దదాన్నయినాక కూడా అన్నాను కదప్పా."

వరహాలమ్మ గౌరీశ్వరి చెయ్యి పట్టుకుని, కిటికీ పలకకి ఉన్న మేకులు పీకమని పాణికి చెప్పింది.

* * *

పాలు పొంగించుకున్న రోజున వరహాలమ్మ విజయనగరం నుంచి వచ్చింది. సుల్తానా మేడమ్ కూడా వచ్చింది. గోడలో ఎవరి నీడ ఉందో వాళ్లో, వాళ్ల మనుషులో కోరితే తప్ప ఎవరి ఇల్లూ చదవబోమని ఆ కంపెనీకి జవాబు పంపేసిన సంగతి చెప్పింది. అలాగైతే మీ యంత్రం ఎవరికి కావాలి అని వాళ్లు నవ్వారట. తరళ కూడా నవ్వింది. ఆమెకి ఇప్పుడు తొమ్మిదో నెల. బిడ్డకి వేసే మంచం వెనకగదిలో ఎటువైపు పెట్టాలో పాణి ఆ పొద్దున నాలుగుసార్లు మార్చాడు.

భోజనాలయ్యాక వరహాలమ్మ గౌరీశ్వరి అరుగు మీద కూర్చుంది. ఆవిడ పక్కన కూర్చోవడానికి వీధిలో వాళ్లు మొదట జంకారు. తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. గౌరీశ్వరి అందరికీ టీ పోసింది.

చివరికి గౌరీశ్వరే అడిగింది. "ఆ కిటికీ దగ్గిర నిలబడి సూరిబాబు ఏటి సేసీవోడప్పా, రోజంతా?"

సూరిబాబు ఎలా చచ్చిపోయాడని వీధంతా ఎన్నాళ్లో చెప్పుకుంది. ఏం చేసేవాడని అడగడం ఇదే మొదలు.

వరహాలమ్మ కప్పు పక్కన పెట్టింది.

"ఓడలకి జవాబు చెప్పేవాడు," అంది. "రేవులో ఓడ కూత వినపడగానే వీడూ కూసేవాడు, అచ్చం అలాగే. చిన్న ఓడకి చిన్న కూత, పెద్ద ఓడకి పెద్ద కూత. ఒకసారి ఎక్స్ఛేంజి నుంచి వస్తుంటే సందు మొదట్లో ఇద్దరు కళాసీలు కంగారుగా పరిగెడుతున్నారు. ఓడ వచ్చేసింది, పనికి ఆలస్యమైపోయిందని. ఓడా లేదు, పాడూ లేదు. మా వాడే!"

ఎవరో కిసుక్కున నవ్వి, నోరు మూసుకున్నారు.

"నవ్వండి, తప్పేం లేదు. నేనూ అప్పుడు రోడ్డు మీదే నవ్వాను." ఆమె రెండు చేతులూ దొన్నెలా నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇదిగో, ఇలాగ."

ఊపిరి బాగా లోపలికి తీసుకుని, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో అంతకాలం మెత్తగా మాట్లాడిన ఆ గొంతుతో, కళాసీల వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా వినపడేలా పెద్ద ఓడలా కూసింది.